చిన్న పుల్లీ వేసిన జీపు

1974 జనవరి, ఆదివారం రాత్రి

నాన్న కొన్న పాత జీపు ఇవాళ సెల్ఫ్ నొక్కగానే స్టార్ట్ అయింది. గోపన్‌పల్లి గుంతల బాటలో మెల్లగా నడిచే బండిలో బ్యాటరీకి చార్జింగ్ ఎక్కక, ఇన్నేళ్లూ పొద్దున్నే ఇంటిల్లిపాదీ తోస్తేనే కదిలేది.

డైనమో నుంచి చార్జింగ్ పెరిగేలా దాని రెగ్యులేటర్ బిగించమని నిన్న మియాపూర్‌లో మెకానిక్ యూసుఫ్ భాయ్‌ని అడిగాను. ఒప్పుకోలేదు.

"అట్ల చేస్తే డైనమో కాలిపోతది భాయ్. దాని బెల్టు తిరిగే పుల్లీ చిన్నది వేస్తా, బండి మెల్లగ పోయినా డైనమో జోరుగ తిరుగుతది. కానీ డాంబర్ రోడ్డు మీద జర నిదానంగ నడుపుండ్రి, జోరు చేస్తే అది మస్తు తిరిగి పాడైతది."

బండి జోరుగా నడిపే తమ్ముడికి ఈ మాట చెప్పాను. వాడు వింటాడా అన్నదే నా ఫికర్...

నాన్న ఉన్నప్పుడు స్టీరింగ్ దగ్గర కూర్చుని "ఇగ నూకుండ్రి" అని కేకేసేవాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టి మాతోపాటు తోసేది. ఇంజన్ అందుకోగానే ఆయన వెనక్కి చూడకుండానే చేయి ఊపేవాడు.

ఇవాళ బండి కదిలాక అద్దంలో చూశాను. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, తోయడానికి వచ్చినట్టే రెండు చేతులూ ముందుకు చాపి వాకిట్లో నిలబడి ఉంది. నాన్నలాగే చేయి ఊపాను. ఆమె చేతులు దించలేదు.