అడుగున నీలం పొర

ఒరే తమ్ముడూ ఎలిసేయో, లేచి ఈ చీటీ చూడగానే అమ్మ మంచం పక్క గోడ మీద పొక్కులు లేచిన రంగంతా గీకెయ్. ఇంటి ఓనరు పంపిన ప్లాస్టిక్ రంగు మాత్రం మళ్లీ ముట్టుకోకు. అది పూసినందుకే పాత సున్నపు గోడకు ఊపిరాడక, తడి లోపలే నిలిచి పైపూత పెచ్చులూడుతోంది. నాగజెముడు ముక్కలు బకెట్లో నానేశాను. ఆ జిగురునీళ్లు సున్నంలో కలిపి పల్చగా పూయి.

"ఊరికే ఇస్తున్నాం, పూసుకోండమ్మా" అని వాడి మనిషి పళ్లికిలిస్తే అద్దెవాళ్లంతా ఎగబడి తీసుకున్నారు. మధ్యాహ్నం ఆ మనిషే ఇళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరును తీసుకొస్తాడు. ఊడిన గోడలు చూపించి, కొంప కూలేలా ఉందని రాయించి, అందర్నీ వెళ్లగొడతాడు.

నేను జనాన్ని పోగుచేయడానికి పోతున్నా. ఎవరూ రారు. నిన్న ఎర్మెలిందా పిన్ని "నీ మీటింగులకో దండం తల్లీ, నేను మూటలు కట్టేశా" అని మొహం మీదే తలుపేసింది. ఈ ఇల్లు మనకు దక్కదురా. అయినా గోడ పూయి.

తోర్తియా రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను. అమ్మకు పప్పులో నానబెట్టి తినిపించు.

గీకుతుంటే అడుగున నీలం పొర కనిపిస్తుంది. అక్కడ ఆపు, దాని మీద మాత్రం సున్నం పూయకు. కాళ్లు ఆడిన రోజుల్లో అమ్మ నాగజెముడు సున్నంతో వేసిందది. ఇప్పటికీ ఒక్క పెచ్చు లేవలేదు. ఇన్‌స్పెక్టరుకు అదే చూపించు. వాడు చూడడు. అయినా చూపించు.