సముద్రానికి ఏం కట్టుకోవాలి

జనవరి 9, 1984. జగ్గయ్యపేట

పాస్‌పోర్టు వచ్చింది. ఫోటోలో దొంగలా ఉన్నానని ఆయన. నవ్వొద్దని ఫోటోగ్రాఫరే అన్నాడు, నేనేం చెయ్యను!

వచ్చే నెల మాల్దీవులకి. చెల్లి సరళ, మరిది మూడేళ్ళ నుంచీ అక్కడ బళ్ళో పాఠాలు చెబుతున్నారు. "మాఘ పౌర్ణమికి వచ్చెయ్ అక్కా, ఎటు చూసినా సముద్రమే" అని రాసింది. ఆ ఒక్క మాటకి ఒప్పుకున్నా. చిన్నప్పుడు మంగినపూడిలో నాన్న మగపిల్లల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళారు. "ఆడపిల్లలు ఒడ్డున బట్టలు చూస్తుండండి" అన్నారు. చూసాం. యాభై ఏళ్ళొచ్చాయి. పాదాలు దాటి సముద్రం తెలీదు. ఈసారి మెడ లోతు. స్వామీ, ఇదొక్కటీ ఇవ్వు.

జనవరి 12

కానీ ఏం కట్టుకుని? అది ముస్లింల దేశం. ఒళ్ళు కనపడకూడదు. తడిసిన చీర ఒంటికి అంటుకుపోతుంది… సరళ ఇంకోటి కూడా రాసింది — "అలలు కుచ్చిళ్ళు ఊడలాగుతాయి. నాకు జరిగింది. నవ్వకు."

నవ్వా.

వేదాద్రిలో కృష్ణ ఇలా కాదు. కొంగు దోపుకుని, మెట్టు పట్టుకుని మూడు మునకలు. అయిపోయింది.

జనవరి 17

ఎదురింటి మస్తాన్‌బీని అడిగా. మీవాళ్ళ దేశంలో ఆడవాళ్ళు ఏం వేసుకుంటారు అని.

చేతిలో చేట కింద పెట్టి మరీ నవ్వింది. "మావాళ్ళ దేశమా! నాది పెనుగంచిప్రోలమ్మా. మీలాగే చీర కడతా. బెజవాడ దాటి ఎరగను, నన్నడుగుతారేం?"

సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నాం… నా మొహం చూసి జాలిపడింది కాబోలు — "ఎందుకైనా మంచిది, చేతులు పొడుగు పెట్టించండి. మెడ మూసెయ్యండి."

జనవరి 25

జాకెట్లు వచ్చాయి. ముతక బట్ట, మణికట్టు దాకా చేతులు, నడుం దిగి పొడుగు. టైలరు ఇస్తూ అన్నాడు — "ఇవి జాకెట్లేనంటారా అమ్మగారూ?"

ఒకటి వేసుకుని ఆయనకి చూపించా. చాలాసేపు చూసి, "మీసం ఒక్కటే తక్కువ."

ఇద్దరం నవ్వీ నవ్వీ… పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఫిబ్రవరి 3

ఆయన రారు. నందిగామ కోర్టులో వాయిదాలున్నాయట. విమానం అంటే భయం అని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. తిరువనంతపురం దాకా రైల్లో వచ్చి ఎక్కిస్తారు.

ఫిబ్రవరి 11. మాలె

వచ్చేసా. పైనుంచి చూస్తే నీళ్ళలో ఎవరో ఆకుపచ్చ గాజులు జారవిడిచినట్టు… దణ్ణం పెట్టుకున్నా.

సరళ నన్ను చూడగానే — "అక్కా! ఏమిటే ఆ చొక్కా! ఇక్కడ చలెక్కడుంది?"

చెమటతో ముద్దయిపోయా. ఇక్కడి ఆడవాళ్ళవి ఎర్రవి, పచ్చవి, పువ్వులవి పొడుగు గౌన్లు. తల్లో పువ్వులు. బురఖా ఒక్కటీ కనపడలేదు. నెల రోజులు ఎవరి గురించి భయపడ్డానో!

ఫిబ్రవరి 14

పడవలో సరళతో పనిచేసే మాస్టారి ఊరికి. అదొక చిన్న దీవి. దారిలో ఇంకో దీవి, టూరిస్టులది. తెల్లవాళ్ళు ఒడ్డున పడుకుని ఉన్నారు… బట్ట చాల్లేదు పాపం. మరిది గబగబా రెండోవైపు తిరిగి ఆకాశం చూస్తున్నారు. "అక్కడ వాళ్ళ ఇష్టం వదినగారూ. ఊరున్న దీవిలో మాత్రం ఒళ్ళు కప్పుకోవాలి."

అంటే నా బెంగ నాకు అలాగే ఉంది.

ఫిబ్రవరి 15

మాస్టారి తల్లి ఫాతిమా. నా ఈడే. ఒక్క మాట కలవదు, అంతా చేతులతోనే. ఇంట్లోవాళ్ళు చేపలు వండుకున్నా, నాకోసం కొత్త గిన్నె తీసి అన్నం వేరే వండింది. ఎవరు చెప్పారో!

రేపే పౌర్ణమి. సాయంత్రం చీరతో ఒకసారి దిగి చూసా. మోకాలి దాకా వెళ్ళానో లేదో, అల వచ్చింది. కుచ్చిళ్ళు చేతిలోకొచ్చాయి. పరుగు.

ఫాతిమా గుమ్మంలోంచి చూసింది. లోపలికెళ్ళి తన గౌను తెచ్చింది. నీలం, మెడ చుట్టూ వెండి జరీ. మణికట్టు దాకా చేతులు, మడమల దాకా పొడుగు. నా భుజాలకి ఆనించి చూసి, సరిపోతుందని తల ఊపింది.

సరిపోతుంది. అదే బాధ. అత్తయ్యగారు అనేవారు — ఒకరు కట్టి విడిచిన బట్టతో పుణ్యస్నానం చేస్తే ఆ పుణ్యం వాళ్ళకే పోతుందని. చీరతో దిగలేను. గౌనుతో దిగితే నాకు దక్కదు.

"సబ్బుతో ఉతికిందేనే అక్కా" అంటుంది సరళ. దానికెలా చెప్పను…

ఫిబ్రవరి 16. మాఘ పౌర్ణమి

మునిగా!

గౌనే వేసుకున్నా. తెల్లారేటప్పటికి నీళ్ళలో ముగ్గురం — నేను, సరళ, నా చెయ్యి వదలని ఫాతిమా. సంకల్పం చెప్పుకుంటూ అలవాటు కొద్దీ "కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అనేసా. ఆగిపోయా. ఇక్కడ ఏ నదుల మధ్య అని చెప్పుకోవాలి? "సముద్రం మధ్యనే అని చెప్పు, అబద్ధం కాదుగా" అంది సరళ.

గౌనులోకి గాలి చేరి గొడుగులా పైకి లేచింది. రెండు చేతులా అదిమి పట్టుకున్నా. ఫాతిమా నవ్వు ఊరంతా వినపడి ఉంటుంది. తర్వాత మెడ దాకా… తర్వాత తల కూడా. ముక్కులో ఉప్పు, కళ్ళలో మంట. లేస్తే అల పడేసింది, మళ్ళీ లేచా. మూడు మునకలు అనుకున్నా. లెక్క మర్చిపోయా.

పుణ్యం ఫాతిమాకే చేరిందేమో. చేరనీ. వాటా అడగనని స్వామికి చెప్పేసా.

ఫిబ్రవరి 17

గౌను ఉతికి ఆరేసి ఇస్తే తీసుకోలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. అయితే నా మంగళగిరి చీర తీసుకోవాల్సిందే అన్నా. కట్టా. పైన నా ముతక జాకెట్టు — ఆవిడకి కుట్టించినట్టే ఉంది! ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరారు. మాకూ కట్టు, మాకూ కట్టు అని సైగలు. ఉన్న రెండు చీరలే మార్చి మార్చి అందరికీ కట్టా. చేతులు పడిపోయాయి. ఎంత బాగుందో.

ఫిబ్రవరి 18

పడవ తొమ్మిదింటికి. పెట్టె సర్దేసా. గౌను అడుగున పెట్టా, పైన తాళం. తాళంచెవి సరళ దగ్గర. సరళ ఇంకా లేవలేదు.

ప్రయాణానికని ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నా.

ఫాతిమా గుమ్మంలో నిలబడి సముద్రం వైపు చెయ్యి చూపిస్తోంది. కాదని తల ఊపా. చీర చూపించా. పెట్టె చూపించా. తాళం చూపించా.

మళ్ళీ చెయ్యే చూపిస్తోంది. నవ్వుతోంది.

నీళ్ళు నిన్నటికంటే నెమ్మదిగా ఉన్నట్టున్నాయి… కుచ్చిళ్ళకి ముడి వేసుకుంటే…