మరియమ్మ విన్నది

తాడేపల్లిగూడెం, 1956
శుక్రవారం రాత్రి

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. రైసు మిల్లులో గుమాస్తా పని మానేశానన్న కక్షతో మేనేజరు, నేను దొంగనని ఏలూరు ఆఫీసువాళ్ళకు రాసి, చేతికందిన ఉద్యోగం పోగొట్టాడు. ఇవాళ ఏలూరులో ప్లీడరుగారు అంతా విన్నారు.

"అబద్ధమని తెలిసీ రాశాడంటే పరువునష్టం కేసు వెయ్యొచ్చమ్మా. ముందు నోటీసిద్దాం. కక్షతోనే రాశాడని చెప్పే సాక్షులున్నారా?"

లేరన్నాను. "మానేస్తే దొంగవని రాస్తా, నీకు పనెవడిస్తాడో చూస్తా" అని వాడు కళ్ళంలో అరిచిన రోజు, ధాన్యం ఎండబెట్టే ఆడవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు. కాళ్ళతో గింజలు తిరగేస్తూనే ఉన్నారు.

వాళ్ళలో ఒకతె మరియమ్మ. ఇవాళ నాకు తోడొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"నేను విన్నానండి. కోర్టులో చెబుతానండి."

"నీ పని పోతుందేమోనమ్మా!" అన్నారు ప్లీడరుగారు.

"పోతే మా కొల్లేటికోటెళ్ళి చేపల గంప ఎత్తుకుంటానండి."

తిరుగు రైల్లో దారి పొడుగునా ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. నోటీసు అందాక మేనేజరు ఆమెనేం చేస్తాడో...

ఆ రోజు తలెందుకెత్తలేదని చివరికి అడిగేశాను.

"తలెత్తితే కూలి కోసేస్తారండి. వింటే కొయ్యలేరు కదండీ."