మానిటర్‌కి పెట్టిన బొట్టు

భీమవరం, నవంబర్ 2007, ఆదివారం

కంప్యూటర్ మీద విమానం నడపడానికి వెనక గదిలో కట్టుకుంటున్న ప్లైవుడ్ కాక్‌పిట్‌లో ఇవాళ ఫ్లాట్ మానిటర్ బిగించాం. వడ్రంగి సూర్రావు కోసిన గాడిలో అతికినట్టు కూర్చుంది. ఆన్ చేస్తే రన్‌వే కనిపించింది.

ఇన్నాళ్లూ "మీ విమానాల కొట్టు" అంటూ ఆ గది గడప తొక్కని నా భార్య పద్మ, పసుపూ కుంకుమా పట్టుకుని తనంతట తనే వచ్చింది. కొత్త వస్తువు కదా. పాత టీవీకి పెట్టినట్టే బొటనవేలితో గట్టిగా నొక్కి బొట్టు పెట్టింది. దానిది మందపాటి గాజు, ఇది పలచటి తెర. వేలు తీసేసరికి రన్‌వే మధ్యలో నల్లటి మచ్చ పాకింది.

"బుద్ధుందా నీకు?" అని సూర్రావు ముందే అరిచాను.

"నాకేం తెలుసండీ," అని పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. సూర్రావు నా మొహం చూడకుండా ఉలులు సర్దుకున్నాడు.

తర్వాత తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది. మచ్చ పోలేదు. పద్మ నాకు అన్నం వడ్డించి, తను తినకుండానే పడుకుంది. రేపు ఏమని పలకరించను?

ఆ కాక్‌పిట్‌లో రెండో సీటు తన కోసమే చేయించాను. ఆ మాట ఇంకా తనకి చెప్పనేలేదు. బొట్టు పెట్టడం అవగానే కూర్చోమందామనుకున్నాను.