ముందే వచ్చిన వరద నోటీసు

తేదీ: 12

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

నమస్కారం. మీ నది మీద మా విదేశీ కంపెనీ కడుతున్న వంతెన పని ఊహించని వరద వల్ల ఆగిపోయింది. నీటి మట్టం ...... అడుగులు పెరిగింది. ...... బస్తాల సిమెంటు కొట్టుకుపోయింది. ఒప్పందంలోని ఫోర్స్ మెజూర్ క్లాజు ప్రకారం, మా చేతిలో లేని ఈ విపత్తుకు నలభై రోజుల అదనపు గడువు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
వంతెన పనుల మేనేజరు

తా.క. ఫోటోలు నీళ్లు వచ్చాక, అంటే తగ్గాక పంపుతాను.

తేదీ: 16

మేనేజరు గారికి,

నమస్కారం. వరదలో మీ మనుషులంతా క్షేమమని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. చిన్న సందేహం. నది పొంగింది పద్నాలుగో తేదీ పొద్దున. మీరు ఉత్తరం రాసింది పన్నెండున. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ముందుగా ఊహించలేని విపత్తుకే ఆ క్లాజు వర్తిస్తుంది. మీరు రెండు రోజుల ముందే ఊహించారు. ఎలాగో చెప్పగలరు.

ఇట్లు,
వంతెన కట్టిస్తున్నవారి తరఫు సలహా ఇంజనీరు

తా.క. ఎల్లుండి వాన పడుతుందా? మా ఇంట్లో దుప్పట్లు ఉతకాలి.

తేదీ: 18

ఇంజనీరు గారికి,

నమస్కారం. దాచడం దేనికి, మా అత్తగారి మోకాలు వానకు రెండు రోజుల ముందే సలుపుతుంది. పన్నెండున ఫోన్ చేసి చెప్పారు. పెద్దవాళ్ల మాట తీసెయ్యలేక ఉత్తరం రాసేశాను.

ఇట్లు,
మేనేజరు

తా.క. ఇరవయ్యో తేదీ దాకా దుప్పట్లు ఆరెయ్యొద్దన్నారు.

తేదీ: 20

మేనేజరు గారికి,

నమస్కారం. మీ అత్తగారు ఉండేది మీ దేశంలో. అక్కడి మోకాలు సలిపితే ఇక్కడి నది పొంగిందా? పోనీ, నమ్ముతాను. అంత నమ్మకమైన మోకాలు చేతిలో ఉండగా సిమెంటు గట్టు మీదికి ఎందుకు చేర్చలేదు? అబద్ధమైనా అతికినట్టు ఉండాలి కదండీ.

ఇట్లు,
సలహా ఇంజనీరు

తా.క. పంతొమ్మిదిన ఆరేశాను. తడిసి ముద్దయ్యాయి. అత్తగారికి నా నమస్కారాలు.

తేదీ: 22

ఇంజనీరు గారికి,

నమస్కారం. మోకాలి సంగతి వదిలెయ్యండి. అసలు జరిగింది టైపు పొరపాటు. మా టైపిస్టు పదిహేను కొట్టబోయి పన్నెండు కొట్టింది. గట్టిగా మందలించాను.

ఇట్లు,
మేనేజరు

తా.క. మనిషన్నాక పొరపాట్లు సహజం. పెద్ద మనసుతో ఆమెను క్షమించండి.

తేదీ: 25

మేనేజరు గారికి,

నమస్కారం. కవరు మీద పోస్టాఫీసు ముద్ర కూడా పన్నెండే. అదీ మీ టైపిస్టే కొట్టిందా? ఒప్పందం ప్రకారం వరద వచ్చాక పద్నాలుగు రోజుల్లోపు ఇచ్చిందే నోటీసు, ముందు ఇచ్చింది చెల్లదు. ఇరవై ఎనిమిదితో నోటీసు ఇచ్చే గడువు సరి.

ఇట్లు,
సలహా ఇంజనీరు

తా.క. మీ టైపిస్టు ఇవాళ కాగితాలు ఇవ్వడానికి మా ఆఫీసుకి వచ్చింది. మీ మీద ఒక్క మాట చెప్పలేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

తేదీ: 28

ఇంజనీరు గారికి,

నమస్కారం. మీ తా.క. చదివాక అన్నం సహించలేదు. నిజం రాస్తున్నాను.

నది మధ్య స్తంభం పునాదికి కొలత అవతలి గట్టున పాతిన గుర్తు రాయి నుంచి తీయాలి. నేను ఇవతలి రాయి నుంచి తీయించాను. పోసిందంతా పగలగొట్టి మళ్లీ పోసేసరికి ఇరవై రోజులు పోయాయి. హెడ్డాఫీసుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. వరద వస్తే ఆ ఇరవై రోజులూ అందులో కలిపెయ్యొచ్చనుకున్నాను. ఇదివరకు వేరే దేశంలో నోటీసు మూడు రోజులు ఆలస్యమై గడువంతా పోగొట్టుకున్నవాణ్ణి. అందుకని ఈసారి ముందే కొట్టించి సొరుగులో పెట్టుకున్నాను. పన్నెండున మబ్బు పట్టగానే ఆగలేక ఆ తేదీ కొట్టించి పోస్టు చేశాను. పదమూడున ఎండ కాస్తే ఆకాశాన్ని తిట్టుకున్నాను.

పద్నాలుగున నది తొమ్మిది అడుగులు పొంగింది. నూట అరవై బస్తాల సిమెంటు, కూలీల రేకుల ఇళ్లు పోయాయి. పని పదకొండు రోజులు ఆగింది. వెల్డరు భార్య కుట్టుమిషను కొట్టుకుపోయింది. ఆ వెల్డరే వచ్చి నన్ను ఓదార్చాడు. "మీరేం చేస్తారు సార్, మన చేతిలో ఉందా?" అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ వరద కోసం దణ్ణాలు పెట్టుకున్నది నేనే.

టైపిస్టును క్షమించమని అడిగాను. "తేదీ మీరే చెప్పారు కదండీ" అంది.

గడువు ఇవ్వమని అడిగే మొహం నాకు లేదు.

ఇట్లు,
మేనేజరు

తా.క. అత్తగారి మోకాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఆవిడ రోజూ మెట్లెక్కుతారు.

తేదీ: 29

మేనేజరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నిన్న సాయంత్రం నాలుగున్నరకు అందింది. అందినట్టు ముద్ర వేయించాను. వరద ఎప్పుడు వచ్చింది, ఏం పోయింది, పని ఎన్ని రోజులు ఆగింది, అన్నీ అందులో ఉన్నాయి. చుక్కలు లేవు. ఒప్పందం అడిగే నోటీసు అంటే అదే. చివరి రోజున చేరింది కాబట్టి చెల్లుతుంది.

వరద తిన్న పదకొండు రోజులు ఇస్తున్నాను. మీరు తిన్న ఇరవై రోజులు మీవే. ఆ మాట హెడ్డాఫీసుకు మీరే రాసుకోండి. తప్పు తనంతట తాను ఒప్పుకున్న మేనేజరును ఇరవై ఆరేళ్లలో ఇప్పుడే చూశానని పక్కన నేనూ ఒక ముక్క రాస్తాను. ఉద్యోగం నిలుస్తుందో లేదో చెప్పలేను.

ఇట్లు,
సలహా ఇంజనీరు

తా.క. దీనితో ఒక కాగితం జతపరిచాను. మీ గడువు కోరికను తిరస్కరిస్తూ నేను సంతకం పెట్టిన ఉత్తరం. "కారణం" అన్నచోట చుక్కలున్నాయి. వానాకాలం మొదలవగానే ఇలాంటివి కొట్టించి సొరుగులో పెట్టుకోవడం మా ఆఫీసు అలవాటు. మిమ్మల్ని తేదీ గురించి నిలదీసిన ప్రతిసారీ అది అక్కడే ఉంది. నిన్న మీ ఉత్తరం చదివాక దాన్ని బయటికి తీసి చూసుకుని సిగ్గుపడ్డాను. దాని మీద తేదీ పదకొండు. మీరు వరద రాకముందే గడువు అడిగారు. నేను మీరు అడగకముందే కాదన్నాను.