ఆ ఈల మీదేనని చెప్పండి

రెఫరీ జనార్దన్ సార్‌కు నమస్కారం.

ప్రొద్దుటూరు బాస్కెట్‌బాల్ మ్యాచ్ చివరి క్షణంలో బంతి పట్టుకుని నిలబడిపోయింది నేనే. అప్పటికి మేం ఒక్క పాయింటు ముందున్నాం. ఈల వినబడింది, ఆగిపోయాను. జమ్మలమడుగు వాళ్ళు బంతి లాక్కుని బాస్కెట్ వేశారు. మీరు ఈల ఊదలేదనీ, పాయింట్లు చెల్లుతాయనీ అన్నారు. మా కాలేజీ వాళ్ళు మీ మీద పడి కొట్టారు. తలకు కుట్లు పడ్డాయని విన్నాను.

మీరు ఊదలేదని నాకు తెలుసు సార్. మా నాయన గొర్రెలు కాస్తాడు. నా ఆట చూడటానికి లింగాల నుంచి మొదటిసారి వచ్చాడు. గెలుస్తున్నామన్న సంబరంలో వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. ఆ ఈలకు మా మంద ఆగుతుంది. చిన్నప్పటి నుంచి మంద వెంట తిరిగినవాణ్ణి, నేనూ ఆగాను.

తన ఈలకే ఆగానని ఆయనకు అప్పుడు తట్టలేదు. "నా కొడుకుది ఏం తప్పు లేదప్పా. ఆ రెఫరీ ఈల ఊది మళ్ళా ఊదలేదంటాండు" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు. సోమవారం మీ మీద జరిగే విచారణకూ వస్తాడు.

ఆయన ముందు, పొరపాటున ఊదానని ఒప్పుకోండి సార్. అలా ఒప్పుకుంటే మిమ్మల్ని ఇక మ్యాచ్‌లకు పిలవరని తెలుసు. దెబ్బలు తిన్న మనిషిని అడగాల్సిన మాట కాదిది. అయినా అడుగుతున్నాను.

నిన్న గొర్రెలు పక్కవాళ్ళ శనగచేను వైపు మళ్ళాయి. నాయన వేళ్ళు నోటిదాకా తెచ్చుకుని, నా వైపు చూసి, చెయ్యి దించేశాడు. మంద చేలో పడింది.