జపాను ఫండు, మన నాన్న

కూకట్‌పల్లి,
ఆదివారం.

అక్కకు, బావగారికి నమస్కారాలు. ఒంట్లో నాకు బాగానే ఉంది, దిగులు పడకు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? చిన్నదానికి జ్వరం తగ్గిందా? నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. రాద్దామని కూర్చోవడం, ఏం రాయాలో తెలియక లేచిపోవడం, ఇదే నా పనైంది. కోపం తెచ్చుకోకు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. ఆఫీసు దగ్గర కొండరాళ్ళు పగలగొట్టి రోడ్లు వేస్తున్నారు. ఎండ కాస్తే దుమ్ము, వాన పడితే ఎర్రటి బురద. హైటెక్ సిటీ అంటే మీరంతా ఏదో ఊహించుకుంటారు గానీ, అద్దాల మేడ దాటితే బండలే. కాలనీలో సందు తిరిగితే మన గోదావరి యాసే వినిపిస్తుంది, అయినా ఎవరి తలుపు వాళ్ళదే. మెస్సులో అన్నం ఫరవాలేదు. సాయంత్రం గదికి వచ్చి తాళం తీసేటప్పుడు మాత్రం లోపల ఎవరూ లేరని రోజూ కొత్తగా గుర్తొస్తుంది. నేను బాగానే ఉన్నానక్కా, ఊరికే చెబుతున్నాను.

నాన్న సంవత్సరీకానికి రానని రాశాను. ఆ మాటకు నువ్వెంత ఏడ్చావో నీ ఉత్తరంలో అలుక్కుపోయిన అక్షరాలు చెప్పాయి. "నాన్న అలాంటి మనిషి కాదురా తమ్ముడూ" అని రాశావు. ఆ ముక్క చదివి నాకు ఒళ్ళు మండింది. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినదానికి ఏం తెలుసు అనుకున్నాను.

నాకు ఊహ తెలిసేసరికి మన టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చాయి. నాన్న మాత్రం పొద్దున్నే మిషన్లన్నీ తుడిచి, నూనె వేసి, గుడ్డలు కప్పి, ఎవరూ రాని గదిలో కూర్చునేవాడు. బడి నుంచి రాగానే నన్ను మిషను ముందు కూర్చోబెట్టి, నా చేతుల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేవాడు. తప్పు పడితే వేళ్ళ మీద స్కేలు దెబ్బ. కంప్యూటర్ కోర్సులో చేరతానన్నాక మాట మానేశాడు. హైదరాబాదు బయల్దేరిన రోజు గడప దాకా కూడా రాలేదు. ఆ తర్వాత నేను ఆయన్ని చూసింది పాడె మీదే. అలాంటి మనిషికి నా చేత్తో పిండం ఎలా పెట్టను?

ఈ మధ్య ఆఫీసులో ఒక పని వచ్చింది. దాని గురించి చెప్పాలి. జనం దగ్గర డబ్బు పోగుచేసి జపాను కంపెనీల షేర్లలో పెట్టే ఫండు ఒకటి, చాలా పాతది. దాని వెల నెలనెలా ఎంతుందో పాత కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. అంత కాలం దాచుకున్నవాళ్ళకు ఏం మిగిలిందో విదేశంలో ఎవరో తెలుసుకోవాలనుకున్నారట. పాత సంవత్సరాల కాగితాలు పద్మకు ఇచ్చారు. కర్నూలు అమ్మాయి, నా పక్క సీటే. ఎనభై తొమ్మిది ఆఖరు నుంచి మొన్నటి దాకా ఉన్నవి నాకొచ్చాయి.

నా కాగితాల్లో ఆ ఫండు ఒకటే దిగడం. ఒక నెల కాస్త లేచినట్టే లేచి మళ్ళీ కూలబడేది. క్యాంటీన్‌లో టీ తాగుతూ, దీంట్లో డబ్బు పెట్టినవాళ్ళంత పిచ్చివాళ్ళు లేరన్నాను. పద్మకు పౌరుషం వచ్చింది.

"ఇంత బాగుండే ఫండును అట్లంటావేమి నువ్వు? పెరుగుతానే ఉంది కదా" అంది.

కళ్ళు పెట్టుకుని చదవమన్నాను. నన్నే సరిగ్గా చదువుకోమని తనంది. రెండు రోజులు మాటల్లేవు. మా టీం లీడర్ శీనన్నది బాలానగర్. గొడవ విని మా ఇద్దర్నీ పిలిచి, రెండు ఫైళ్ళూ కలిపి ఒకే గీతగా తెర మీద పెట్టాడు. ఎడమ పక్క నుంచి కొండలా ఎక్కి, ఎనభై తొమ్మిది దగ్గర శిఖరం, అక్కణ్ణుంచి జారుడు.

"ఇద్దరు జెప్పేది ఒక్క ఫండు ముచ్చటనే. ఏ సంవత్సరం కెల్లి లెక్కవెడ్తున్నరో గది జూడుండ్రి" అన్నాడు.

మొదట్లో చేరినవాళ్ళకు, ఇంత పడ్డాక కూడా, పెట్టినదానికి ఎన్నో రెట్లు ఉంది. శిఖరం మీద చేరినవాళ్ళకు ఇన్నేళ్ళు ఓపిక పట్టినా పెట్టిన అసలు కూడా తిరిగి రాలేదు. పద్మ నవ్వేసింది. నాకు నవ్వు రాలేదక్కా. ఆ గీత వైపు చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. నీ పెళ్ళయింది ఆ శిఖరం దగ్గరే, ఎనభై తొమ్మిదిలోనే. నువ్వు నాన్నను ఎక్కేటప్పుడు చూశావు. నేను దిగేటప్పుడు చూశాను. నువ్వు అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తిన్న దెబ్బలు దెబ్బలే, అవి లేవని ఇప్పుడూ అనలేను.

ఆ రోజే శీనన్న నా వెనక నిలబడి, కీబోర్డు వంక చూడకుండా కొడుతున్నావు, ఎవరు నేర్పారని అడిగాడు. మా నాన్న అని చెప్పాను. అలా చెప్పడం ఇదే మొదటిసారి. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ ఫండుకు ముందు ముందు ఇంకా నెలలున్నాయి, ఎప్పుడైనా లేస్తుందేమో. నాన్నకు లేవు.

అందుకని వస్తున్నాను. సెలవు చీటీ పెట్టాను. తిథికి ముందురోజు పొద్దున్నే మీ ఇంట్లో ఉంటాను. పురోహితుడికి నేనే కూర్చుంటున్నానని బావగారితో కబురు పెట్టించు. వచ్చేటప్పుడు అమ్మకు నొప్పుల తైలం తెస్తాను. పిల్లలకు ఏం కావాలో అడిగి రాయి.

నాకూ ఒకటి కావాలి. అమ్మను అడిగితే ఏడుస్తుంది గానీ చెప్పదు. నువ్వే రాయి. ఇన్‌స్టిట్యూట్ నిండా జనం ఉన్నప్పుడు ఆయన ఎలా ఉండేవాడు? పిల్లలు పరీక్ష పాసైన రోజు ఇంటికి ఏం తెచ్చేవాడు? నిన్ను ఏమని పిలిచేవాడు? గట్టిగా నవ్వేవాడా? చిన్నవైనా సరే, వదలకుండా రాసి పంపు. నేను బయల్దేరేలోగా అందాలి. నాకు తెలిసిన నాన్నను తలచుకుంటే పిండం పెట్టడానికి చెయ్యి రాదక్కా. నీకు తెలిసిన నాన్నకు పెడతాను.

అమ్మ పాదాలకు నా దండం చెప్పు. మీ అత్తగారికి, మామగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నువ్వూ బావగారూ మనసులో నన్ను దీవించండి.

నీ తమ్ముడు
రాంబాబు